మథురలో హెరాక్లీస్ ఏంటి? కృష్ణుడని ఎందుకు రాయలేదు?

గోదారిగట్టు
మా అమ్మాయి ఏడో తరగతి. నిన్న రాత్రి అన్నం తింటూ ఉన్నట్టుండి అడిగింది: "నాన్నా, మథురలో హెరాక్లీస్‌కి పూజలు చేసేవాళ్లట, నిజమేనా?" హెరాక్లీస్ అంటే గ్రీకుల దేవుడు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో ఉందట. అలాంటిదేం ఉండదులే అన్నాను. తర్వాత కూర్చుని వెతికితే ఉంది! చంద్రగుప్త మౌర్యుడి దగ్గరికి గ్రీకు రాజు సెల్యూకస్ పంపిన రాయబారి మెగస్తనీసు రాసిన 'ఇండికా' మనకు దక్కలేదు గానీ, దాన్ని చూసి తర్వాతి కాలపు గ్రీకు రచయిత అరియన్ రాసినదాంట్లో ఈ ముక్క మిగిలింది. సౌరసేనులనే జనం హెరాక్లీస్‌ని ప్రత్యేకంగా కొలుస్తారు, వాళ్ల పట్నం మెథొర, ఆ పక్కన పారే నది జొబారెస్.

శూరసేనులు, మథుర, యమున. మూడూ పోల్చుకోవచ్చు. నా బాధల్లా ఒకటే. ఊరి పేరు చెవిన పడ్డట్టు రాశాడు, నది పేరూ అంతే. దేవుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం తన దేవుడి పేరు పెట్టేశాడు. వాసుదేవుడు అని ఒక్క మాట రాసి ఉంటే మనకి ఎంత పెద్ద ఆధారం మిగిలేది! రాత్రంతా ఇదే తొలిచింది. ఎందుకలా చేశాడు?

రాత్రిబండి
పొగరు. తమ దేవుళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ లేరనుకున్నారు.

కందిపొడి
ముందు పాపకి ఏం చెప్పారో చెప్పండి

గోదారిగట్టు
"రేపు చెప్తాను, పెరుగు వేసుకో" అన్నాను. ఈ రోజు సాయంత్రంలోపు నాకు జవాబు కావాలి.

బడిపంతులు
రాత్రిబండి గారూ, పొగరు అనేయడం తేలికే. కానీ గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్‌ని చదివితే అలా అనిపించదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఈజిప్టు వెళ్లి అక్కడి దేవుళ్లందర్నీ ఇలాగే గ్రీకు పేర్లతో రాశాడు. ఆమున్ అంటే జియస్, ఐసిస్ అంటే డెమెటర్, ఒసైరిస్ అంటే డయోనైసస్, హోరస్ అంటే అపోలో, పిల్లి రూపంలో ఉండే బాస్టెట్ అంటే ఆర్టెమిస్. అక్కడితో ఆగలేదు. మా దేవుళ్ల పేర్లు దాదాపు అన్నీ ఈజిప్టు నుంచే మాకొచ్చాయని రాశాడు. పొగరున్నవాడి చేత్తో ఆ మాట రాదు.

గోదారిగట్టు గారి ప్రశ్న మాత్రం చాలా మంచిది. నాకు తోచింది ఇదీ. మనం ఇంగ్లీషువాడితో మాట్లాడేటప్పుడు సూర్యుణ్ణి 'సన్' అంటాం. విజయవాడని మాత్రం విజయవాడే అంటాం. ఊరి పేరు మార్చం, సూర్యుడి మాట మారుస్తాం. ఎందుకంటే సూర్యుడు వాడికీ ఉన్నాడు, వాడి భాషలో ఆయనకి ఇంకో మాట ఉంది. ఆ గ్రీకులకి దేవుడి పేరు 'సూర్యుడు' లాంటి మాట, 'విజయవాడ' లాంటి మాట కాదు. దేవుళ్లకి రాజు ప్రతి దేశంలోనూ ఉంటాడు, మనం జియస్ అంటాం, వాళ్లు ఆమున్ అంటారు, అంతే అనుకున్నారు. మెగస్తనీసు మన దేవుడికి తన దేవుడి పేరు 'పెట్టలేదు'. తర్జుమా చేశాననుకున్నాడు.

గోదారిగట్టు
మాస్టారూ, సూర్యుడు విజయవాడ పోలిక పట్టుకుంది. పాపకి ఇదే చెప్తాను. కానీ తర్జుమా అయితే తప్పొప్పులు ఉండాలిగా. కృష్ణుడికీ హెరాక్లీస్‌కీ పోలికేంటి?

పాటిమట్టి
పోలిక లేదు. అదే నేను చెప్పబోతున్నా. డియొడోరస్ అనే గ్రీకు రచయిత రాసినదాంట్లో ఈ భారత హెరాక్లీస్‌కి చేతిలో గద, ఒంటిమీద సింహం తోలు ఉంటాయని ఉంది. కృష్ణుడికి సింహం తోలు ఎక్కడిది? తోలు కట్టేవాడు శివుడు, అందుకే శివుడే అన్నవాళ్లున్నారు. బలరాముడన్నవాళ్లున్నారు. మథుర ఉంది కాబట్టి కృష్ణుడన్నవాళ్లు ఎక్కువ. రెండు వేల మూడొందల ఏళ్లయినా తేలకపోతే దాన్ని తర్జుమా అనకూడదు మాస్టారూ. అందులో అసలు మాట పోయింది.

ఇంకోటి. అలెగ్జాండర్ సైన్యం నైసా అనే ఊరికి వచ్చినప్పుడు పక్కనున్న కొండ పేరు మేరొస్ అని విన్నారు. మన మేరువు లాంటి పేరేదో అయ్యుంటుంది. గ్రీకులో మేరొస్ అంటే తొడ. డయోనైసస్ పుట్టింది జియస్ తొడలోంచి. ఇంకేం, డయోనైసస్ ఇక్కడికి వచ్చాడని తేల్చేశారు! కొండమీద డయోనైసస్‌కి ఇష్టమైన ఐవీ తీగ కనిపిస్తే సైనికులు దండలు గుచ్చుకుని తలకి చుట్టుకున్నారు. ఒక్క మాట చెవికి అలా తగిలినందుకు. దీన్ని నమ్మనివాళ్లు వాళ్లలోనే ఉన్నారు. గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఇవన్నీ అలెగ్జాండర్‌ని మెప్పించడానికి అల్లిన కథలు అన్నాడు.

కందిపొడి
తొడ కొట్టడం అక్కణ్ణుంచే వచ్చిందేమో 😄

బడిపంతులు
పాటిమట్టి గారూ, నైసా విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఎరటోస్తనీస్ అనుమానం కూడా సబబే. కానీ అందరూ అంత తేలిగ్గా తేల్చలేదు. హెరొడోటస్‌కి హెరాక్లీస్ విషయంలో సరిగ్గా మీకొచ్చిన సందేహమే వచ్చింది. ఆయన చేసిన పని చూడండి. ఓడెక్కి ఫినీషియా (ఇప్పటి లెబనాన్) దేశంలోని టైర్ పట్నం వెళ్లాడు, అక్కడ హెరాక్లీస్ గుడి ఉందని విని. నిజానికి అది మెల్కార్త్ అనే వాళ్ల దేవుడి గుడి. లోపల రెండు స్తంభాలు చూశాడు, ఒకటి మేలిమి బంగారం, ఒకటి రాత్రిళ్లు మెరిసే పచ్చ. గుడి కట్టి ఎన్నాళ్లైందని పూజారుల్ని అడిగాడు. 2300 ఏళ్లు అన్నారు. గ్రీకు హెరాక్లీస్ అంత పాతవాడు కాదే! అక్కడా తృప్తిపడక థాసోస్ దీవికి వెళ్లాడు, అక్కడా ఫినీషియన్లు కట్టిన గుడి ఉంది. చివరికి హెరాక్లీస్‌లు ఇద్దరని తేల్చాడు. ఒకడు పాత దేవుడు, ఒకడు మనిషిగా పుట్టిన వీరుడు. ఇద్దరికీ వేర్వేరు గుళ్లు కట్టి, ఒకరికి దేవుడిలా, ఒకరికి చనిపోయిన వీరుడిలా చేసుకునే గ్రీకులే సరిగ్గా చేస్తున్నారని రాశాడు.

పేరు ఒకటైనా మనిషి ఒకడేనా అని సముద్రం దాటి వెళ్లి అడిగినవాడాయన. నాకు ఆయనంటే గౌరవం.

సరంగు
మాస్టారు మెల్కార్త్ పేరెత్తారు కాబట్టి చెప్తున్నా. నేను ఓడల్లో పనిచేస్తాను. మాల్టాలో ఓడ ఆగినప్పుడు వాలెట్టాలో పురావస్తు మ్యూజియంకి వెళ్లాను. అక్కడ ఒక చలవరాతి స్తంభం ఉంది, పెద్ద ఎత్తేం కాదు. దాని జోడు పారిస్‌లో లూవ్ర్‌లో ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటివి. కింద దిమ్మె మీద రెండు భాషల్లో రాసుంది, పైన ఫినీషియన్, కింద గ్రీకు.

పైన: మా ప్రభువు, టైర్ నాథుడు మెల్కార్త్‌కి అబ్దొసిర్, అతని తమ్ముడు ఒసిర్షమర్ మొక్కు తీర్చుకున్నారు, ఆయన వాళ్ల మొర విన్నాడు కాబట్టి, వాళ్లని చల్లగా చూడాలి అని. కింద గ్రీకులో: టైర్ వాళ్లయిన డయోనీసియోస్, సరాపియోన్ హెరాక్లీస్‌కి అని. అంతే, పొట్టిగా.

దేవుడి పేరే కాదు, తమ పేర్లు కూడా మార్చుకున్నారు! అబ్దొసిర్ అంటే ఒసైరిస్ దాసుడు. ఒసైరిస్ అంటే డయోనైసస్ కాబట్టి గ్రీకులో డయోనీసియోస్ అయ్యాడు. ఇద్దరూ ఒక్కరే. మొక్కుకున్నదీ ఒక్కసారే.

ఇక్కడ గ్రీకులెవరూ బలవంతం చేయలేదు. తమ దేవుణ్ణి హెరాక్లీస్ అని రాయించుకున్నది ఆ దేవుడి భక్తులే. 1758లో బార్తెలెమీ అనే ఫ్రెంచి పండితుడు ఫినీషియన్ లిపి చదవగలిగాడంటే ఈ రెండు భాషల రాయి ఆసరాతోనే. గోదారిగట్టు గారూ, అసలు మాట పోయిందని మీరు బాధపడ్డారు. ఇక్కడ ఆ తర్జుమా వల్లే ఒక లిపి బతికొచ్చింది.

గోదారిగట్టు
ఒళ్లు జలదరించిందండీ. అన్నదమ్ముల పేర్లతో సహా...

బడిపంతులు
పేర్ల మాటకొస్తే సిరియాలోని పల్మైరా రాణి జెనోబియా కొడుకు వహబల్లాత్. అంటే అల్లాత్ దేవత ఇచ్చినవాడు. గ్రీకులో ఆయన అథెనొదోరస్, ఎథీనా ఇచ్చినవాడు. పల్మైరాలో అల్లాత్ అంటే ఎథీనా అన్నమాట.

రాత్రిబండి
మన దేవీప్రసాద్ లాగా. సరే, పొగరు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. సగం.

ఓరుగల్లుపిల్లగాడు
నాకు జరిగింది చెప్తా. ఉద్యోగానికి పుణె పోయినప్పుడు, ఇల్లు చూడబోతే ఓనరమ్మ మీ ఇంటి దేవుడెవరని అడిగింది. కొమురవెల్లి మల్లన్న అన్నా. ఆమెకి తెల్వదు. ఎట్లుంటడో చెప్పమంది. పసుపు చల్లుతామని చెప్పిన, మేం బండారి అంటామని. ఆమె కండ్లు పెద్దగైనయ్. వాళ్లు భండారా అంటరట. ఇద్దరు భార్యలా అని అడిగింది. అవును, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ అన్నా. ఆమె వేళ్లు ముడుస్తూ వాళ్ల ఖండోబాకి మాళసా, బాణాయి అని చెప్పింది. మాళసా వ్యాపారుల ఇంటి బిడ్డ, బాణాయి గొర్లకాపరుల బిడ్డ. "మరి మా దేవుడే కదా మీ దేవుడు" అని అడ్వాన్స్ తగ్గించింది. మూడేండ్లు ఆ ఇంట్లనే ఉన్నా. జేజురికి నన్ను తీసుకపోయింది కూడా ఆమెనే, మెట్లన్నీ పసుపే.

మెగస్తనీసు కూడా మథురలో ఎవరితోనో ఇట్లనే కూసొని ఒక్కొక్కటి అడిగి ఉంటడని నాకు అనిపిస్తది.

కందిపొడి
అడ్వాన్స్ తగ్గించే దేవుడు. నాకూ అడ్రస్ పంపు అన్నా

పాటిమట్టి
అన్నా, నీ కథ బాగుంది. కానీ మల్లన్న, ఖండోబా, కర్ణాటకలో మైలార, వీళ్లు మొదటినుంచీ దక్కనులో ఒకరికొకరు చుట్టాలే. గొర్రెల మందలతో పాటు తిరిగిన దేవుడు. అక్కడ పోలిక దొరకడంలో ఆశ్చర్యం లేదు. హెరాక్లీస్, కృష్ణుడు అలా కాదు, వేర్వేరు దేశాల్లో పుట్టినవాళ్లు. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఓరుగల్లుపిల్లగాడు
ఒప్పుకుంటా. కానీ ఓనరమ్మకి ఆ చుట్టరికం తెల్వదు కదా. ఆమె చూసింది పసుపు, ఇద్దరు భార్యలు. మెగస్తనీసు కూడా అవే చూస్తడు.

నాణేలపిచ్చి
ఆలస్యంగా వచ్చాను, ఇది నా సబ్జెక్టు. మథుర దేవుడు హెరాక్లీస్ అన్న గ్రీకుల మనవల కాలానికి ఏమైందో చూడండి. 1970లో ఆఫ్ఘనిస్తాన్‌లో ఐ ఖానుమ్ తవ్వకాల్లో ఆరు వెండి నాణేలు దొరికాయి, చదరంగా. బాక్ట్రియాని ఏలిన గ్రీకు రాజు అగథొక్లీస్‌వి, క్రీ.పూ. 180 ప్రాంతం. ఒకవైపు నాగలి పట్టుకున్న బలరాముడు, రాజు పేరు గ్రీకులో. రెండో వైపు చక్రం పట్టిన వాసుదేవుడు, రాజు పేరు బ్రాహ్మీలో. కాళ్లకి ముందు కొస పైకి తిరిగిన జోళ్లు, తలమీద గొడుగులాంటి అలంకారం. ఫొటోని పెద్దది చేసుకుని చూస్తే ఆ నాగలి కర్రు స్పష్టంగా తెలుస్తుంది.

ఇదే రాజు గ్రీకు దేవుళ్లతో వేరే నాణేలు కొట్టించాడు. అంటే వాసుదేవుణ్ణి హెరాక్లీస్ బొమ్మతో సరిపెట్టవచ్చు, సరిపెట్టలేదు. గద, సింహం తోలు ఉన్న హెరాక్లీస్ అచ్చు వాళ్ల టంకసాలకి కొత్తేం కాదు. అయినా నాగలి, చక్రం కొత్తగా చెక్కించారు.

గోదారిగట్టు
అంటే వాళ్లకి తేడా తెలుసన్నమాట!

నాణేలపిచ్చి
తెలుసు. ఇంకా గట్టి సాక్ష్యం విదిశ దగ్గర బేస్‌నగర్‌లో ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో తక్షశిల నుంచి అంటియల్కిదాస్ అనే గ్రీకు రాజు పంపిన రాయబారి, డియోన్ కొడుకు హీలియోడోరస్, అక్కడ గరుడస్తంభం నిలబెట్టాడు. అచ్చం మెగస్తనీసు లాంటి ఉద్యోగమే. శాసనం బ్రాహ్మీ లిపి, ప్రాకృతం. "దేవదేవస వాసుదేవస" అని మొదలవుతుంది. తనని తాను భాగవతుడని చెప్పుకున్నాడు. హెరాక్లీస్ ఊసే లేదు.

ఆ స్తంభానికి తర్వాత ఏం జరిగిందో తెలుసా? ఎవరు నిలబెట్టారో జనం మర్చిపోయారు. ఖాంబాబా అని ఆ రాతినే దేవుడిగా కొలిచారు. 1877లో పురావస్తు పండితుడు కన్నింగ్‌హామ్ వెళ్లినప్పుడు దానిమీద సిందూరం ఎంత మందంగా ఉందంటే, కింద అక్షరాలున్నాయని ఆయనకి కనిపించలేదు.

బడిపంతులు
ఈ శాసనం నా మాటకే బలం. ప్రాకృతంలో రాశాడు కాబట్టి వాసుదేవుడన్నాడు. అదే మనిషి తక్షశిలకి తిరిగెళ్లి గ్రీకులో ఇంటికి ఉత్తరం రాస్తే హెరాక్లీస్ అనే రాసి ఉండొచ్చు, మాల్టా అన్నదమ్ముల్లాగ. ఏ భాషలో ఆ భాష పేరు.

నాణేలపిచ్చి
ఊహే కదా మాస్టారూ. చేతిలో ఉన్న రాయి వాసుదేవుడనే చెప్తోంది. భాగవతుడనని చెప్పుకున్నవాడు దేవుడి పేరుని అంత సులువుగా మార్చుకుంటాడని నేననుకోను.

ఇంగ్లండ్‌లక్ష్మి
మా ఊరికి దగ్గర్లో బాత్ అని ఒక పట్నం ఉంది. వేడినీళ్ల ఊట, 46 డిగ్రీలు ఉంటుంది, చలికాలంలో ఆవిర్లు కక్కుతూ ఉంటుంది. రోమన్లు రాకముందే అక్కడ సూలిస్ అనే దేవత ఉంది. రోమన్లు వచ్చి గుడి కట్టి ఆమెని సూలిస్ మినర్వా అన్నారు. పాత పేరు తీసేయలేదు, పక్కన తమ పేరు చేర్చారు. 1727లో మురుగుకాలవ తవ్వుతుంటే ఆమె విగ్రహం తల దొరికింది. కంచు మీద బంగారు పూత, ఇప్పటికీ మెరుస్తుంది. దాన్ని చూసిన ప్రతిసారీ కాసేపు నిలబడిపోతాను.

ఆ ఊటలో సీసపు రేకులు 130 దాకా దొరికాయి. దొంగల మీద ఫిర్యాదులు! దొసిమెదిస్ అనే ఆయన చేతితొడుగులు రెండు పోయాయట. తీసినవాడికి మతిపోవాలి, గుళ్లోనే కళ్లు పోవాలి అని రాసి నీళ్లలో వేశాడు. స్నానానికి వచ్చి బట్టలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. చాలా రేకుల్లో పిలుపు సూలిస్‌కే. పైన గుడి ఎవరి పేరున కట్టినా, వస్తువు పోయినప్పుడు మొరపెట్టుకున్నది ఆ నీళ్లలో ఉన్న పాత అమ్మవారికే.

కందిపొడి
గుడి బయట చెప్పులు పోయినవాళ్ల బాధ రెండు వేల ఏళ్ల నాటిది. నేనూ ఒక రేకు రాయాల్సింది

చుక్కలూవారాలూ
ఈ చర్చంతా మీ గోడమీద క్యాలెండర్లో ఉంది, ఎవరూ చూడట్లేదు! బాబిలోన్ వాళ్లు గురుగ్రహాన్ని మర్దుక్ అన్నారు, శుక్రుణ్ణి ఇష్తార్, కుజుణ్ణి నెర్గల్, బుధుణ్ణి నబూ. గ్రీకులు ఒక్కోదానికీ తమ దేవుణ్ణి పెట్టుకున్నారు: జియస్, ఆఫ్రొడైట్, ఆరెస్, హెర్మీస్. రోమన్లు జూపిటర్, వీనస్, మార్స్, మెర్క్యురీ అన్నారు. ఆ వారాలు ఉత్తరాన జర్మన్ తెగల దగ్గరికి వెళ్లేసరికి మార్స్ తివ్ అయ్యాడు, మెర్క్యురీ వోడెన్, జూపిటర్ థోర్, వీనస్ ఫ్రిగ్. ట్యూస్‌డే, వెడ్నెస్‌డే, థర్స్‌డే, ఫ్రైడే అవే. ఇదే వరస మనకీ వచ్చింది: మంగళ, బుధ, గురు, శుక్ర.

మార్స్, తివ్ ఇద్దరూ యుద్ధానికి సంబంధించిన దేవుళ్లు. మన ఇళ్లల్లో కుజదోషం అనగానే ఎవరికి పూజ చేయిస్తారు? సుబ్రహ్మణ్యస్వామికి. దేవసేనాపతికి.

గోదారిగట్టు
ఇది పాపకి చెప్తే ఎగిరి గంతేస్తుంది.

పాటిమట్టి
అందరూ మంచి వైపే చెప్తున్నారు, నేను రెండోది చెప్తాను. క్రీ.పూ. 167లో గ్రీకు రాజు నాలుగో అంటియోకస్ యెరూషలేము ఆలయాన్ని ఒలింపియన్ జియస్ ఆలయమన్నాడు. మీ దేవుడూ మా జియస్సూ ఒకరే కదా అన్నట్టు. యూదులకి తమ దేవుడు ఇంకో మాటలోకి మారే మాట కాదు, ఒక్కడే. ప్రాణాలిచ్చారు, తిరగబడ్డారు, మక్కబీలనే కుటుంబం నాయకత్వంలో గెలిచి ఆలయాన్ని శుద్ధి చేసుకున్నారు. హనుక్కా పండగ దానిదే.

మాల్టా అన్నదమ్ములు తమంతట తామే మార్చుకున్నారు. ఇక్కడ రాజు మార్చాడు. ఎవరి దేవుణ్ణి ఎవరు తర్జుమా చేస్తున్నారనేది చూడకుండా ఇదంతా గొప్ప అనకూడదు.

బడిపంతులు
దీనికి ఎదురు చెప్పలేను. మీరు చెప్పింది సరైన మాట.

ఒక్కటి మాత్రం జోడిస్తాను. దేవుళ్లు ఇలా మారగలిగారు కాబట్టే రాజులు ఒకరి మాట ఒకరు నమ్మగలిగారు. క్రీ.పూ. 1259 ప్రాంతంలో ఈజిప్టు రెండో రామ్‌సెస్, హిట్టైట్ల (ఇప్పటి టర్కీలో ఉండేవాళ్లు, వాళ్ల దేశం హత్తి) రాజు మూడో హత్తుషిలి సంధి చేసుకున్నారు. కొన్నేళ్ల ముందు కాదేష్ దగ్గర హోరాహోరీగా పోరాడిన దేశాలు. ఒట్టు ఎవరి మీద వేయాలి? హత్తి దేశపు వెయ్యి దేవుళ్లు, ఈజిప్టు వెయ్యి దేవుళ్లు సాక్షులు అని రాశారు. హిట్టైట్ల ఉరుముల దేవుణ్ణి ఈజిప్టు ప్రతిలో తమ దేవుడు సేత్ పేరుతో రాశారు. పక్కవాడి దేవుడు ఉత్త రాయి అనుకుంటే ఆ ఒట్టుకి విలువేముంది?

పాటిమట్టి
ఒప్పుకుంటున్నా మాస్టారూ. సంధిలో ఇద్దరూ సమానంగా కూర్చున్నారు. తేడా అక్కడే.

గోదారిగట్టు
సాయంత్రం పాపతో కూర్చున్నాను. సూర్యుడు, విజయవాడ చెప్పాను. మాల్టా అన్నదమ్ముల సంగతి, వారాల సంగతి చెప్పాను. చేతితొడుగులాయన దగ్గర బాగా నవ్వింది. నాగలి పట్టుకున్న బలరాముడి నాణెం ఫొటో చూపిస్తే ఫోన్ లాక్కుని చాలాసేపు చూసింది.

తర్వాత నోట్‌బుక్‌లో రెండు గడులు గీసింది. ఒకవైపు హెరాక్లీస్, ఒకవైపు కృష్ణుడు. చిన్నప్పుడే పాముల్ని నలిపాడు, కాళియుడు అని రాసింది. చాలా తలల హైడ్రాకి ఎదురుగా మళ్లీ కాళియుడే రాసింది. గద దగ్గరికి వచ్చి ఆగిపోయింది. సింహం తోలు దగ్గర పూర్తిగా ఆగిపోయి, కృష్ణుడి పేరు కొట్టేసి భీముడు అని రాసింది. గద ఉంది, బాగా తింటాడు, రాక్షసుల్ని చంపాడు, తోలు అడవిలో ఉన్నప్పుడు కట్టుకుని ఉంటాడు అంది. మథురలో భీముడికి పూజలు చేయరు కదమ్మా అన్నాను.

"అయితే మెగస్తనీసు అక్కడ ఎవరిని అడిగాడో తెలియాలి" అని వెళ్లి పడుకుంది.

పాటిమట్టి
పాపకి నా నమస్కారం. భీముడి మాట నేను కాదనలేను 🙏

నాణేలపిచ్చి
గోదారిగట్టు గారూ, హెరాక్లీస్ బొమ్మ ఉన్న బాక్ట్రియా నాణెం ఫొటో కూడా మెసేజ్‌లో పంపుతున్నాను. గద ఎలా పట్టుకున్నాడో చూసి గడి నింపమనండి.